పెదవుల దాకా

ఓస్త్రవాలో, మూతపడ్డ బొగ్గుగని గోడ వెనక,
ట్రామ్ మలుపు తిరుగుతూ కీచుమనే చోట
రంగుటద్దాల పనిశాల.
ఇవెతాకి ఇవాళ మొదటి రోజు.
ఇరవై మూడేళ్లు. కొత్త ఏప్రన్ మీద
మడతల గీతలు ఇంకా పోలేదు.
పదకొండు పేజీల కాగితాల మీద
ఎనిమిదిన్నరకే సంతకాలు పెట్టేసింది,
ఒక్కటీ చదవకుండా, అందరిలాగే.

బోజెనా ముందుగా సింకు చూపించింది.
కొలిమి కాదు,
చర్చి నుంచి మరమ్మతుకొచ్చి
బల్ల మీద వెల్లకిలా పడుకున్న
చెయ్యి విరిగిన దేవదూత కూడా కాదు.
సింకు.
"గోళ్ల కింద. మళ్లీ. ఇప్పుడు మణికట్టు దాకా."

తర్వాత సీసపు పట్టీ చేతికిచ్చింది.
ఎంత మెత్తన! చెప్పినట్టల్లా వంగుతుంది,
ఇంటికొచ్చిన కొత్తలో అల్లుడిలా.
నా భాషలో సీసం ఒక పద్యం పేరు కూడా,
నాలుగు పెద్ద పాదాలు ఠీవిగా నడుస్తుంది.
ఇక్కడి సీసం నడవదు, పాకుతుంది.
వేళ్ల నుంచి రొట్టె మీదికి,
ఏప్రన్ నుంచి చొక్కాకి,
చొక్కా నుంచి ఇంట్లో దిండుకి.
ఎత్తుగీతి మాత్రం ఆసుపత్రివాళ్లు రాస్తారు.

"చీపురు కనిపిస్తే నాకివ్వు, విరిచేస్తాను.
దుమ్ముని లేపకూడదు, తడిపి పడుకోబెట్టాలి.
గాజు జారితే పట్టుకోబోకు.
చేతులు వాటంతటవే వెళ్తాయి, వెళ్లనివ్వకు.
పడనీ. పగలనీ. గాజు మళ్లీ కొంటాం."

ఆసిడ్ అలమర తాళంచెవి రదోవాన్ మెడలో ఉంటుంది.
"నీళ్లలాగే ఉంటుంది చూడ్డానికి.
పడగానే మండదు, అదే దాని మోసం" అన్నాడతను.
"మందు ట్యూబు ఎక్కడుంది?
కళ్లు మూసుకుని తీసివ్వు."
మొదటిసారి ఇవెతా వేళ్లకి టేపు చుట్ట తగిలింది.
రెండోసారి, ఎవరిదో కళ్లద్దాల పెట్టె.
మూడోసారికి ట్యూబు.
"రేపు మళ్లీ అడుగుతాను" అన్నాడు.

మధ్యాహ్నం దేవదూత ముఖం ఇచ్చారామెకి.
కనుబొమ గీత, వెంట్రుకంత సన్నం.
కాలేజీలో అందరూ మెచ్చుకున్న చెయ్యి అది.
కుంచె కొస చీలింది.
ఇక ఆ చెయ్యికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు,
ఐదేళ్లుగా తనకు తెలిసిన దారినే
పెదవుల దాకా లేచింది.

రదోవాన్ గాజు కోత ఆగిపోయింది.
రేడియోలో ఎవరో గోల్ కొట్టారు, ఎవరూ వినలేదు.
బోజెనా, అరవై రెండేళ్ల మనిషి,
మోకాలి నొప్పితో మెట్లు పక్కగా దిగే మనిషి,
రెండంగల్లో వచ్చి మణికట్టు పట్టుకుంది.

పొద్దున ఎక్కడిదాకా కడిగించిందో
సరిగ్గా అక్కడే.

కుంచె నుంచి ఒక నల్లటి చుక్క
దేవదూత చెంప మీద పడింది.

తిడుతుందనుకుంది ఇవెతా.
బోజెనా ఆ కుంచె తీసుకుని
తడి స్పాంజి అంచున తిప్పింది, ఒకసారి, ఇంకోసారి.
సూదిలా కొస తేలింది. తిరిగిచ్చింది.
"నాదీ అదే అలవాటు. పద్నాలుగేళ్లు."

సొరుగులోంచి ఒక అట్ట తీసి చూపించింది.
మూణ్నెల్లకోసారి రక్తపరీక్ష,
ఒకదాని కింద ఒకటి అంకెలు, సిరా రంగులు మారుతూ.
మానేసిన ఏడాది కింద రెండు గీతలు.
ఆ తర్వాత కూడా అంకెలు గబగబా దిగలేదు.
ఎముకలు దాచిపెట్టుకున్నదాన్ని
రక్తానికి వాయిదాల మీద చెల్లిస్తాయట.
"ఇంకా కడుతూనే ఉన్నాను" అని
సొరుగు మోకాలితో మూసింది.

ఇవెతా చాలాసేపు కుంచె ముట్టుకోలేదు.
కింది పెదవిని పంటి కింద పట్టుకుంది,
వెంటనే అదీ వదిలేసింది.

ఆ చెంప మీది చుక్క ఆరిపోతోంది.
తుడిచేద్దామని
చొక్కా చేతి అంచు ముందుకు లాక్కుంది.

"తడిగుడ్డతో"
అంది బోజెనా, తలెత్తకుండానే.