ప్రశ్న ఉత్పన్నం కాదు

సభలో నా వంతు పది నిమిషాలు.
పది నిమిషాలు వాళ్ల నోళ్ల వెంట నా పెన్సిల్ పరుగు,
ఆ తర్వాత మెట్ల కింద గదిలో
గీతల్ని మళ్లీ మాటలుగా విప్పడం.
కిటికీలోంచి పబ్లిక్ గార్డెన్స్ పచ్చిక, నాంపల్లి హారన్లు.
ఇరవై రెండేళ్లుగా ఇదే చిక్కు తీస్తున్నాను.

ఆ రోజు నక్షత్రం గుర్తు ప్రశ్న, రెండువందల పద్నాలుగు.
అడిగినవారు శ్రీమతి కావలి అనంతమ్మ.
నక్షత్రమంటే మరేం లేదు,
మంత్రి లేచి నిలబడి నోటితో చెప్పాలి, అంతే.
గుర్తు లేని ప్రశ్నకు కాగితమే జవాబు.

(అ) జొన్నారం మండలంలో నాపరాయి తవ్వకాలు పెరిగిన మాట వాస్తవమేనా?
అవునండీ.
(ఆ) అదే మండలంలో పదకొండు ఊళ్లకు తాగునీరు అందని మాట వాస్తవమేనా?
కాదండీ.
(ఇ) అయితే, కారణాలేమిటి?
ప్రశ్న ఉత్పన్నం కాదు.

మంత్రిగారు కూర్చున్నారు,
బాకీ తీర్చేసి వచ్చినవాడి నిదానంతో.

అనుబంధ ప్రశ్నకు ఆమె లేచింది.
చేతిలో కాగితం లేదు.
మైకు దీపం వెలిగేలోపే మొదలైన గొంతు:

"సారూ, మీ కాళ్ల కిందున్న బండ మా ఊరిదే.
లాబీల, మెట్ల మీద, మీ ఛాంబరు ముంగట,
పొద్దుగాల వస్తుంటే గుర్తువట్టిన.
మా పెనిమిటి కోసిన బండ గూడ ఉండొచ్చు అండ్ల.
ఆయన రొమ్ముల ఆ పొడి ఇంకా ఉన్నది...
ఉంటుండె.

లారీలు దినాం నూటనలభై. కూసోని లెక్కవెట్టిన.
దవాఖానల మిషినున్నది, నడిపెటోడు లేడు.
బస్సు పొద్దున పోయిందంటె మళ్ల మాపటికే.
తవ్వినంక బండ మీకు, గుంత మాకు.
వానకాలం గుంతల నిండ నీళ్లే,
పోయినేడు ఇద్దరు పిల్లలు మునిగిండ్రు.
తాగుదామంటె మాత్రం
నీళ్లొస్తలేవు సారూ."

ఎడమ వరుసలో ఎవరో నవ్వారు.
పక్కన మరొకరు.
ఆ యాసకో, ఆ 'సారూ'కో,
భోజనవేళ దగ్గరపడిందనో.
సమాచారం సేకరించి సభ ముందుంచుతామన్నారు మంత్రిగారు.
గంట మోగింది. దీపం ఆరింది.
తర్వాతి ప్రశ్న చేపపిల్లల టెండర్లు.

మెట్ల కింద గదిలో
'నీళ్లొస్తలేవు సారూ' అన్న చోట
'తాగునీటి సరఫరా జరగడం లేదు, అధ్యక్షా' అని రాశాను.
అలవాటు. మాటకు ఇస్త్రీ.
నవ్వుల్ని వదిలేశాను.
అది దయ అనుకున్నాను.

మూడోరోజు ప్రూఫు చూసుకోవడానికి ఆమే వచ్చింది.
ఎప్పుడూ పీఏలు వస్తారు.
స్టూలు మీద కూర్చుని, వరుస కింద వేలు పెట్టి,
రాత్రిబడి చదువు, మెల్లగా చదివింది.
ఆమె కోసం తెప్పించిన చాయ్ మీగడ కట్టింది.

"మాట మార్చినవ్ బిడ్డా.
సరే, సదువుకున్నదానివి, మంచిగనే రాసినవ్.
మరి ఆ నవ్వేది?"

నేను మాట్లాడలేదు.

"నవ్వు గూడ జవాబే గదా.
ఏం జెప్పిండ్రని రేపు ఊర్ల అడిగితె
సూపెట్టనీకి ఉండాలె."

పెన్సిల్ తీసి ఇచ్చింది, నా పెన్సిలే, నాకు.
బ్రాకెట్టు తెరిచి 'నవ్వులు' అని రాశాను. మూశాను.
ఇస్త్రీ వాక్యం కొట్టేసి ఆమె వాక్యం పైన రాస్తుంటే
అప్పటికే లేచి వెళ్తోంది.
గుమ్మంలో వంగి,
అరచేత్తో ఒకసారి నేలను తడిమి చూసింది,
జ్వరం చూసినట్టు.

రాత్రి రెండింటికి అడ్డగుట్ట గల్లీలో నల్లా దగ్గింది.
మొదట గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్లు.
బిందెలతో వరసలో నిలబడ్డాం.
"రేపొస్తాయా అక్కా?" అంది నుస్రత్, సగం నిద్రలో.
ప్రశ్న ఉత్పన్నం కాదన్నాను.
ఆమెకు అర్థం కాలేదు, నాకు నవ్వు రాలేదు.

బిందె పొర్లి, కింద పరిచిన బండ తడిసింది.
పదేళ్లుగా తొక్కుతున్నాను.
తడిస్తే గాని తెలియలేదు,
అది నీలం.