గింజల కాటా మీద

కొటేషన్ నాలుగు పేజీలొచ్చింది.
పలాసలో, జీడిగింజలు కాలే పొగ మధ్య
దాన్ని తెలుగు చెయ్యడం నా పని,
లెక్కల గుమస్తాను గనక.

రెండు సీట్లది. ముందొకరు వాడిందే.
రెండు కోట్ల ముప్పై లక్షలు, పన్నులు కాక.
మూడొందల ఇరవై గ్రేడు డబ్బా అట్ట వెనక
సున్నాలన్నీ దించి రాశాను.
కోటికి ఏడని తెలుసు గానీ
వాటిని వరసగా నిలబెట్టింది ఆ రోజే.

మా షావుకారు సాసుమాన కూర్మారావు.
పేరులో తాబేలు, కళ్ళల్లో గద్ద.
"విశాఖకి మూడున్నర గంటలు కారులో కూకోలేను బావూ.
అదైతే గంటా పావంట.
ఏపాటి బరువు మోస్తాదో అడుగు."

అడిగాను.
ట్యాంకు నిండా పోస్తే, పైలట్‌తో కలిపి
నూట డెబ్బై ఆరు కేజీలు.
షావుకారు చెప్పులు విప్పి
ముడిగింజల కాటా ఎక్కాడు.
ఎనభై కేజీల బస్తాకు అలవాటుపడ్డ ముల్లు
ఆగలేదు, నూటనాలుగు దాకా పోయింది.
కటింగ్ షెడ్డు గుమ్మంలో ఆడవాళ్ళు
జీడిసొనకు నల్లబడ్డ చేతులు
నోటికి అడ్డం పెట్టుకున్నారు.
పైలట్ డెబ్బై రెండుంటే సరిగ్గా సరి.
ఇక అరకేజీ పప్పు ప్యాకెట్టు కూడా ఎక్కదు.

ఆ మధ్యాహ్నం నేనూ ఎగిరాను, అట్ట మీదే.
మహేంద్రగిరి వెనకబడింది.
వంశధార దాటేసరికి ఎనిమిదివేలు,
నాగావళికి పదకొండు.
కిందికి చూడబుద్ధి కాలేదు.

రాత్రి ఎగరదు. తుపానులో ఎగరదు. మబ్బులోకి దూరదు.
మన బంకులో పోసే పెట్రోలు తాగదు,
దాని తిండి పీపాల్లో ఎక్కణ్ణించో రావాలి.
తోలేవాడికి జీతం, తుడిచేవాడికి జీతం,
కాగితాలకు తిరిగే నా చెప్పులు వేరే.
దమయంతి అడగమంది:
వారానికి రెండుమార్లు రక్తం కడిగించుకునే
వాళ్ళాయన్ని అందులో పడుకోబెట్టొచ్చా అని.
లేదమ్మా, కూర్చోగలిగినవాళ్ళే.
"అయితే మా ఆటోయే నయం" అంటూ
కత్తెరకు ఇంకో గింజ అందించింది.

చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో:
రెండువేల రెండొందల గంటలు తిరిగాక,
లేదా పన్నెండేళ్ళకు,
ఎగిరినా ఎగరకపోయినా
మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి.
కోటి పైమాట.
షావుకారు అక్కడ ఆగాడు.
తిత్లీ పడగొట్టిన నలభై ఎకరాల్లో
మళ్ళీ నాటిన మొక్కలకు
ఇంకా ఆ వయసు రాలేదు.

టీ చల్లారేదాకా మాట్లాడలేదు. తర్వాత,
"ఇంజనాగిపోతే?"

అమ్మేవాడు ఫోన్‌లో హుషారుగా చెప్పాడు:
ఇంజన్ ఆగినా రెక్క ఆగదండీ.
పడుతున్నప్పుడు కిందినుంచి ఎదురొచ్చే గాలే
దాన్ని తిప్పుతుంది.
తెలిసినవాడి చేతిలో ఉంటే
పూలబుట్ట దించినట్టు దించొచ్చు.

నేనది చెబుతుంటే
ఆయన నా బల్ల సొరుగు వైపు చూశాడు.
అందులో బ్యాంకు ఉత్తరం ఉంది.
ఆఫ్రికా గింజకు కట్టాల్సిన బాకీ
దాని కింద మడతపెట్టి ఉంది.
మా ఇద్దరికే తెలుసు.
బయట బాయిలరు మోగుతూనే ఉంది.
షెడ్డులో నూట యాభై కత్తెరలు
శనివారం కూలి మీద నమ్మకంతో
ఆడుతూనే ఉన్నాయి.

"ఇంకొక్కసారి ఫోన్ చెయ్యి బావూ.
కొంతామనకు, కొనమనీ అనకు.
అలాగ ఎంతసేపు తిరుగుతాదో
అదొక్కటీ అడుగు."