ఆల్చిప్ప గీతలు

మురుగేశ్‌పాళ్యలో మా ల్యాబ్‌కి
ఆ బోల్టు గుడ్డసంచిలో వచ్చింది.
చిటికెనవేలంత. రెండు ముక్కలు.
మరచుట్ల సందుల్లో ఇంకా ఎర్రమట్టి,
ఒక జొన్నాకు పీచు.
"కడగొద్దమ్మా" అన్నాడు నంజుండయ్య,
"మట్టి కూడా సాక్ష్యమే."

అప్పటికి నాలుగు రోజులుగా
టీవీలు తీర్పు చెబుతూనే ఉన్నాయి.
ఒకటి తప్పు పైలట్‌దంది,
ఒకటి మబ్బుదంది,
ఒకటి పక్షిబొమ్మ గీసి బాణం గుర్తు పెట్టింది.
పాలప్యాకెట్టు ఇస్తూ శాంతవ్వ అడిగింది,
"ఏను కారణ, మేడం?"
తెలీదన్నాను.
ఇంత చదువూ చదివి తెలీదంటే
చిల్లర లేదన్నవాళ్లని చూసినట్టు చూసింది.
తెలీదు అనడానికే నాకు జీతం శాంతవ్వా,
కనీసం మొదటి మూడు వారాలు.

మైక్రోస్కోపు కింద విరిగిన ముఖం తెరుచుకుంది.
ఒక అంచు నుంచి వంకలు వంకలుగా గీతలు,
మైపాడు ఒడ్డున ఏరుకునేదాన్నే,
ఆ ఆల్చిప్పల వీపు మీద ఉన్నట్టు.
గీతకీ గీతకీ నడుమ ఇంకా సన్నగీతలు.
ఒక్కో సన్నగీత ఒక్కో ప్రయాణం:
ఎగిరింది, దిగింది.
లెక్కపెట్టాను. తప్పి, మళ్లీ మొదటినుంచి.
సుమారు నాలుగువేల ఆరువందలు.
అన్నిసార్లు ఈ పగులు
పెళ్లిళ్లకి వెళ్లొచ్చింది, ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చింది.
పైన ఎవరి ఒళ్లోనో పసిబిడ్డ చెవినొప్పికి ఏడుస్తుంటే
కింద చీకట్లో
వెంట్రుకలో వందోవంతు జరిగింది.
చివర కొంచెం గరుకు నేల.
అది ఒక్క క్షణంలో తెగిన చోటు.

మా శాస్త్రంలో దీని పేరు అలసట.
ఉక్కుకీ అదే మాట.

అక్కడ ఆగితే నంజుండయ్య ఊరుకోడు.
పగులు ఎక్కడ పుట్టింది? చిన్న తుప్పుగుంటలో.
తుప్పెందుకు? పూత గీరుకుపోయింది.
ఎందుకు? అరిగిన రెంచి.
కొత్తది? ఇండెంటు పెట్టారు, ఫైలు ఎక్కడో కూర్చుంది.
ఎవరూ చూళ్లేదా?
చూశారు. సంతకం ఉంది.
రాత్రి మూడుంబావుకి, వానలో,
డ్యూటీలో పదకొండో గంటన.
టార్చిలో బ్యాటరీ ఎంత మిగిలిందో
ఏ రిజిస్టరూ రాసుకోలేదు.
గుండ్రంగా, బడిపిల్లాడి చేతిరాతలా ఉందా సంతకం.
అతణ్ణి తిట్టుకుందామనుకున్నాను, నోరు రాలేదు.
మూడుంబావుకి నేనూ
చూడనివి ఎన్ని చూశాననుకున్నానో.

ఇదే బల్ల మీదికి ఇదివరకు
గాలివేగం కొలిచే గొట్టం వచ్చింది,
లోపల కందిరీగ కట్టుకున్న మట్టిగూటితో సహా.
ఏదీ ఒంటరిగా విమానాన్ని దించలేదు.
అమ్మమ్మ జల్లెడలు నాలుగు ఒకదానిమీదొకటి పెట్టి
ఎండలో పట్టుకుని తిప్పేదాన్ని.
కింద అంతా నీడే.
తిప్పగా తిప్పగా ఎప్పుడో
నాలుగు చిల్లులూ ఒక వరసకి వచ్చి
ఒక్క చుక్క ఎండ నేలమీద పడేది.
అప్పుడు చప్పట్లు కొట్టేదాన్ని.

తొంభైనాలుగు పేజీలు రాశాం.
మారింది ముఖ్యంగా ఒక అంకె:
మూడువేల ప్రయాణాలకోసారి చూడాల్సింది
ఇక తొమ్మిదివందలకోసారి.
కింద ఇంకో వాక్యం, నంజుండయ్య పట్టుబట్టి రాయించాడు,
టార్చి గురించి.
శాంతవ్వకి చెప్పాను. "అష్టేనా?" అంది.

మొన్న దేవనహళ్లిలో
వైజాగ్ విమానం రెండు గంటలు లేటన్నారు.
ముందు వరసలో ఒకాయన లేచి కౌంటర్ మీద గుద్దాడు,
"బోల్టు కోసమా! మాకు టైముకి విలువ లేదా?"
వెనక నలుగురు అవునవునన్నారు.
నేను చల్లారిన ఇడ్లీ తింటూ
అద్దంలోంచి చూస్తున్నాను.
సన్నటి జల్లు. చక్రాల దగ్గర ఇద్దరు.
అది ఏ బోల్టో నాకు తెలీదు, వేరేదే అయ్యుంటుంది.
తెల్లగా, బలంగా ఉంది టార్చి.
వెలుగు తిరిగి తిరిగి
ఒకచోట ఆగింది. కదల్లేదు.

ఆగనీ.
ఇంకాసేపు తిట్టండి సార్.