214వ గది

నరిన్‌లో, రెల్లుచాపలో చుట్టిన తడి ఉన్నిని
తొక్కుతూ తొక్కుతూనే
సబ్బు వేలితో ఫోన్ మీద సంతకం గీశాను.
వయోమింగ్‌లో ఇప్పుడు నాకో కంపెనీ.
నాది పరిమిత బాధ్యతట.
"ఆ మాట గొర్రెలతో చెప్పు" అంది అత్త.

నేనెక్కని మెట్లు, 214వ గది.
అందులోనే ఇంకో మూడువేలమందిమి ఉంటామట,
ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా.

నిన్న అక్కడి గుమాస్తా స్కాన్ పంపింది.
పన్ను నోటీసేమోనని గుండె జారింది.
కాదు, ఎవరికో బిగుతై తిరిగొచ్చిన
ఎడమకాలి చెప్పు,
గాజు పలక మీద బోర్లా,
నా వంకర కుట్టుతో సహా.
కుడిది రాలేదు.

అత్త పెదవి విరిచింది:
"కొత్తింట్లో ఎడమకాలా ముందు పెట్టేది?"

కుడిది కుడుతున్నాను,
ఒక సైజు వదులుగా.