వరస

అక్టోబరు మొదటి వారం.
కొండ మీద బిర్చ్ చెట్లు పసుపు రాలుస్తున్నాయి.
గిలక పాములు ఒక్కొక్కటే ఇంటికొస్తున్నాయి,
బండల మధ్య నెర్రెలోకి,
ముత్తవ్వలు దిగిన అదే నెర్రెలోకి.

నిరుడు ఇరవై మూడు.
ఈ ఏడు ఇప్పటికి పద్దెనిమిది.
"ఇంకా వస్తాయిలే" అంటుంది ఆర్లిన్ తిబొడో
థర్మాస్ మూతలో కాఫీ ఊదుకుంటూ.
నేను మాట్లాడను.

పంతొమ్మిదోది మధ్యాహ్నం దాటాక వచ్చింది.
ప్లాస్టిక్ గొట్టంలోకి తల దూరేదాకా
ఇద్దరికీ ఊపిరి లేదు.
తోక కింద నరం, సన్న సూది, మూడు చుక్కలు.
గిలక మొదట్లో గోళ్ళరంగు పూస్తాం గుర్తుకి.
ఈ ఏటిది ఊదా.
గొట్టం చివర నాలుక ఆడింది.
నల్లగా ఉండాల్సిన కొస పాలతెలుపు.
ఆర్లిన్ పెన్సిలు ఆగిపోయింది.
"ఇదీనా" అంది.

ల్యాబు నుంచి వచ్చే కాగితాల నిండా అంకెలు.
అన్నీ కలిసి చెప్పేది ఒక్కటే:
ఇక్కడ వరసలు చెడ్డాయి.
ఈ రాళ్ళ కింద బావ లేడు, మరదలు లేదు.
మేనరికమైనా నయం, కాస్త దూరపు చుట్టరికం.
అన్నకి చెల్లెలు, తండ్రికి కూతురు,
మారదామంటే మరో ఇంటి పేరే లేదు.
తొమ్మిదేళ్ళు ఎదిగి, మూడేళ్ళకోసారి కడుపు మోసే తల్లి
మొన్న సెప్టెంబరులో ఎండబండ మీద పదకొండు కంది.
కదిలినవి నాలుగు.
అందులో ఒకదానికి వెన్ను వంకర,
ఒకదానికి కుడికన్ను ఉండాల్సిన చోట పొలుసు.
మిగతావి పసుపు ముద్దలు, బొటనవేలంత,
కరగని మైనంలా ఎండకి మెరుస్తూ.

ఒకప్పుడు ఇది ఒంటరి కొండ కాదట.
ఆర్లిన్ తాత ఒనెజిమ్
తోకకి డాలరు చొప్పున
టౌన్ హాల్ బల్ల మీద గిలకలు ఎంచి పోసేవాడట.
ఒక వేసవి సంపాదనతో కుట్టు మిషను కొన్నాడు.
అది ఇప్పటికీ ఆడుతోంది.
పాముల్ని మోసే సంచులు
ఆర్లిన్ దాని మీదే కుడుతుంది.
నేనేదో జోకు వేస్తే నవ్వుతుంది.
నవ్వి, కుట్టిన చోటే
ఇంకో వరస వేస్తుంది.

తాత తర్వాత రోడ్డు వచ్చింది, నాలుగు వరసలది.
ఆగస్టులో మగవాటికి ఎక్కడో దూరాన
ఆడవాసన తగులుతుంది.
తగిలిన దిక్కుకి పోతాయి.
రాత్రుళ్ళు తారు వెచ్చగా ఉంటుంది.
దాటినదాన్ని మేం ఒక్కదాన్నీ చూడలేదు.
దాటనివాటిని పారతో ఎత్తాం.

ఆ రోడ్డుకి అవతల నలభై మైళ్ళలో ఇంకో నెర్రె ఉంది.
అక్కడి మగదాన్ని ఒకదాన్ని తెద్దామంటుంది ఆర్లిన్.
ఇల్లరికం.
మూడేళ్ళుగా నడుస్తోంది ఈ సంబంధం, ఫైళ్ళ మీద.
అబ్బాయి చర్మానికి బూజు జబ్బుందేమో,
ఇక్కడి చలికి ఆగుతాడో లేదో,
పుట్టింటి దారి వెతుక్కుంటూ రోడ్డెక్కితే?
పోనీ నిలబడ్డాడే అనుకో,
అతని నెత్తుట్లో ఈ కొండ గుర్తే కలిసిపోతే?
ఊరి మీటింగులో లిన్వుడ్ పీజ్ లేచాడు.
వేటకుక్కని పాముకాటుకి పోగొట్టుకున్నవాడు,
నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు:
"వాటంతటవే పోతున్నవాటికి
మనమెందుకు పెళ్ళిళ్ళు చెయ్యాలి?"
ఆర్లిన్ లేచి నిలబడింది, ఏదో అనబోయింది.
"మా తాత..." అంది.
అంతే.
తర్వాత అందరం కలిసి కుర్చీలు మడిచాం.

నాలుగున్నరకే నీడ పడింది.
సంచి మూతి విప్పాను.
అది గిలక ఆడించలేదు.
చలికి బద్ధకంగా,
ఊదా చుక్కని వెనకేసుకుని
తనవాళ్ళున్న చీకట్లోకి జారింది.
లోపల ఒకరి మీద ఒకరు పడుకుని ఉంటారు.
చలికాలానికి వరసలతో పనిలేదు.

ఆర్లిన్ ఇరవయ్యో గడి ఖాళీగా వదిలి
పుస్తకం మూసింది.
కొండ సగం దిగాక ఆగి,
మళ్ళీ తెరిచి,
ఆ గడిలో
రేపటి తారీఖు రాసింది.