రెండు వైపులా

మేకన్‌లో ఆగస్టు. బయట గాలి ఉడుకుతోంది,
ఈ గదిలో నాకు స్వెట్టరు.
థ్రాష్ వారి పద్దెనిమిది పెట్టెలు,
అన్నిటి మీదా అదే ఇంటిపేరు.
పత్తి జిన్ను పద్దులు, పెళ్లి ఉత్తరాలు,
ఎవరిదో పాలపన్ను చుట్టిన పొట్లం.

తుప్పు పట్టిన గుండుసూదులు ఊడదీస్తాను.
మిగిలే జంట చిల్లులు
పాము గాట్లలా ఉంటాయి.

"వ్యాపారం ఒక పక్క, సొంతం ఒక పక్క"
అని చెప్పి వెళ్లింది మిస్ కోర్డీలియా.
ఎలకలు కొట్టినవి పారెయ్యొచ్చు, అని కూడా.

పదకొండో పెట్టెలో
ఎలకలు అంచు కొరికిన చీటీ.
ఒక వైపు ఆవిడ ముత్తవ్వ వంకర రాత:
బాబుకి జ్వరం. ఈస్టర్ రాత్రంతా ఒళ్లో పెట్టుకు కూర్చుంది.
తెల్లారేసరికి చెమట పట్టింది, దేవుడి దయ.
తిప్పితే
ముత్తాత సిరా, తెల్లారిన తేదీ:
ఈస్టర్. పత్తి ఏరడానికి రాలేదు.
కోత, నలభై సెంట్లు.

దీన్ని ఏ పక్క పెట్టను?

భోజనానికి లేవలేదు.
సాయంత్రానికి దానికో ఫోల్డరు, విడిగా.
పేర్ల పట్టికలో కొత్త వరస:
ఈస్టర్. ఇంటిపేరు తెలియదు.

ఇక్కడ పెన్సిల్‌తోనే రాయాలి, రూలు.
కింది అట్ట మీద కూడా అచ్చు పడేలా
నొక్కి రాశాను.