ఇరవై ఐదు తర్వాత

సాల్మియాలో పదకొండో అంతస్తు, నైట్ షిఫ్టు.
ఆడేది మనిషా, మనిషి పేరు పెట్టుకున్న మాక్రోనా
తేల్చడం నా పని.
మొహాలు చూడను.
నొక్కుడుకీ నొక్కుడుకీ మధ్య ఖాళీని చూస్తాను.

మనిషి చెయ్యి తడబడుతుంది.
దోమ వాలుతుంది, చాయ్ చల్లారుతుంది, ఎవరో పిలుస్తారు.
మాక్రోని ఏ దోమా కుట్టదు.
నాకు నేర్పిన శాస్త్రం ఇంతే.

ఈ ఖాతా జహ్రాలో ఓ ఇంటిది.
పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా
బంగారు గనిలో రాయి మీద దెబ్బ, దెబ్బ, దెబ్బ,
రెండు సెకన్లకొకటి, జారకుండా.
రెండయ్యాక పిల్లాడి చెయ్యి వస్తుంది:
ఉరుకులు, తప్పులు, తిట్లు.
ఖాతా మూసేశాను.

మూడో రోజు అరబ్బీలో అలిగిన అప్పీలు.
"నేను మోసం చెయ్యలేదు. సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.
నేను బడికెళ్తే మా ఖద్దామా నొక్కుతుంది."
సాక్ష్యానికి వీడియో.

మౌసు మీద ఓ చెయ్యి.
బొటనవేలి మీద నూనె చిందిన మచ్చ,
మణికట్టు మీద పచ్చబొట్టు, తెలుగులో: ముత్తెమ్మ.
ఆమె పేరో, తల్లి పేరో, మొక్కిన దేవతో.
వెనక కుక్కర్ కూసింది. వేలు ఆగలేదు.

రికార్డు మళ్ళీ తెరిచాను.
ఇరవై ఐదు దెబ్బలు, చిన్న ఆగుడు.
మళ్ళీ ఇరవై ఐదు. మళ్ళీ.
మాక్రో రాసేవాడెవడూ ఇరవై ఐదు దగ్గర ఆపడు.
లెక్క నాకంటే ముందు నా ఒంటికి తెలిసింది.
మెట్‌పల్లిలో మా చిన్నమ్మ ఒడిలో చాట,
తునికాకు, తంబాకు, దారం,
ఇరవై ఐదు బీడీలకొక కట్ట.
కట్టకి ముడి వేసేంతసేపే ఆ ఆగుడు.
ఇక్కడ దారం లేదని
ఆ వేళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

తెర మీద రెండు గడులు: మనిషి, యంత్రం.
మనిషి అంటే
రేపు ఏడింటికి ఆమె మళ్ళీ గనిలో దిగాలి.
యంత్రం అంటే
పిల్లాడి కోపం ఆ ఇంట్లో ఎవరి వీపు మీద పడుతుందో.

సూపర్‌వైజర్ రోడెల్ వచ్చి నిలబడ్డాడు.
ఒక్క కేసుకి నలభై నిమిషాలా అన్నాడు.
నా మౌసు కదలకపోతే పైవాళ్ళకి తెలిసిపోతుందట,
దానికీ ఏదో సాఫ్ట్‌వేర్ ఉందట.

అతను వెళ్ళాక
తెర మీద ఏ గడీ లేని చోట
ఊరికే నొక్కుతూ కూచున్నాను.
ఎన్నో దెబ్బ దగ్గర ఆగానో
లెక్కపెట్టలేదు.